బొట్టు పెట్టిన కంప్యూటర్లు

ప్రభుత్వ ఆఫీసుల్లో వస్తువులు పాడైపోవడం మీరు చూసే ఉంటారు. మాయమైపోవడం కూడా చూసే ఉంటారు. కానీ ముందురోజు సాయంత్రం దిగిన సరికొత్త కంప్యూటర్లను మర్నాడు మధ్యాహ్నానికల్లా ముక్కలు చేయమని కాగితం రాసి మరీ పంపించి, పదేళ్ల నాటి డొక్కు పెట్టెలను భద్రంగా కాపాడుకున్న ఆఫీసును మాత్రం చూసి ఉండరు. ఆ ఘనత మా ఆఫీసుది. దాపరికం లేకుండా చెప్పాలంటే, పూర్తిగా నాది. ఇన్నేళ్లుగా ఈ సంగతి ఎవరైనా ఎత్తితే మంచినీళ్ల వంకతో లేచి వెళ్లిపోతూ వచ్చాను. ఇక ఓపిక లేదు. నేనే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది.

ఏడెనిమిదేళ్ల కిందటి మాట. గుంటూరు నుంచి ఒంగోలు వైపు వెళ్లే దారిలో, మిర్చి చేలకూ పత్తి చేలకూ మధ్య ఒక చిన్న ఊరు. పేరు చెప్పను, ఆ ఊరివాళ్లు నన్ను చూసి ఇప్పటికే చాలినంత నవ్వుకున్నారు. ఏ రైతు ఏ పంట ఎంత వేశాడో నమోదు చేసే ఒక ప్రభుత్వ ఆఫీసులో నేను జూనియర్ అసిస్టెంటుని. గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో మూడేళ్లు బట్టీపట్టి, నాలుగో ప్రయత్నంలో తెచ్చుకున్న ఉద్యోగం. ప్రొబేషన్ పూర్తవడానికి ఇంకా నెల ఉంది. 'ఇతను పనికొస్తాడు' అని ఆఫీసరు ఒక్క సంతకం పెడితే ఉద్యోగం నాదవుతుంది. పెట్టకపోతే మళ్లీ ఆ మూడంతస్తుల మెట్లు ఎక్కాలి. ఆ మెట్లు తలుచుకుంటేనే నాకు మోకాళ్లు నొప్పెట్టేవి.

ఆ సంతకం పెట్టాల్సిన ఆఫీసరు అన్నపూర్ణ గారు. మంచి మనిషి, దైవభక్తి ఎక్కువ, ఎంత కోపమొచ్చినా గొంతు పెంచేవారు కాదు. ఒకసారి గొంతు పెంచి తిట్టేసి ఉంటే బాగుండేదని నాకు తర్వాత చాలాసార్లు అనిపించింది. అటెండరు దేవదానం గారిది పాతికేళ్ల సర్వీసు. ఆదివారం చర్చిలో పాటలు మొదలుపెట్టేది ఆయనే. శుభ్రతంటే ప్రాణం. ఫైలు మీద దుమ్ము కనిపిస్తే అందులో ఏముందో అక్కర్లేదు, ముందు తుడవాల్సిందే.

ఇక పాత కంప్యూటర్లు మొత్తం ఎనిమిది. ఒక్కోటి చిన్న బీరువా అంత ఉండేది. మిర్చి కోతల కాలంలో రైతులు దోసిళ్లతో కాయలు తెచ్చి, "ఈ తాలుకాయ చూడండి సార్, రంగంతా పోయి ఎట్లా వచ్చిందో" అని మా బల్లల మీద పోసేవాళ్లు. ఆ దుమ్మంతా ఏళ్ల తరబడి ఆ పెట్టెల్లోకి చేరి స్థిరపడిపోయింది. పొద్దున్నే స్విచ్ వేయగానే లోపలి ఫ్యాను గిర్రున తిరిగి ఆ ఘాటు మా మొహాన కొట్టేది. మా ఆఫీసు రోజూ తుమ్ములతోనే తెరుచుకునేది. ఎవరు వచ్చారో, ఎవరు సెలవు పెట్టారో అన్నపూర్ణ గారు తన గదిలో కూర్చునే తుమ్ములను బట్టి చెప్పేవారు.

ఇలా ఉండగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పాత కంప్యూటర్లు తీసేసి, పర్యావరణానికి హాని చేయనివి కొనాలి. అవెలా కొనాలో నేర్చుకోవడానికి ఒకరిని అమరావతిలో రెండు రోజుల శిక్షణకు పంపాలి. ఆఫీసులో అందరికంటే చిన్నవాణ్ని, ఇంట్లో పెళ్లాం పిల్లల గొడవ లేనివాణ్ని, కాబట్టి నన్ను పంపారు. అందరూ చేసిన మొదటి తప్పు అదే.

నేను శిక్షణకు మామూలు మనిషిగా వెళ్లి, భూగోళాన్ని రక్షించే బాధ్యత నెత్తిన వేసుకుని తిరిగొచ్చాను. వచ్చిన రోజే ఆఫీసులో ఎవరి ఫోను ఛార్జర్ ఖాళీగా కనిపించినా పీకేశాను. బల్లల మీద లైట్లు ఆర్పేశాను. ఎండాకాలం మధ్యాహ్నం అన్నపూర్ణ గారి గదిలో ఫ్యాను కట్టేసి, కరెంటు ఎలా పుడుతుందో, బొగ్గు ఎంత కాలుతుందో వివరించడం మొదలుపెట్టాను.

ఆవిడ చెమట తుడుచుకుంటూ శాంతంగా విన్నారు. "సాంబశివరావ్, అంతా బాగానే ఉంది. ముందు ఆ ఫ్యాను వెయ్యి," అన్నారు.

తర్వాత మేము కొనబోయే కంప్యూటర్లు ఎలా ఉండాలో పట్టిక రాశాను. కరెంటు తక్కువ తాగాలి. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే నిద్రపోవాలి. పైతొడుగు వాడేసిన ప్లాస్టిక్‌ను కరిగించి చేసిందై ఉండాలి. అట్టపెట్టెలో థర్మాకోల్ ఉండకూడదు. అన్నిటికంటే నాకు బాగా నచ్చిన షరతు చివరిది: నాలుగంటే నాలుగు స్క్రూలు తీస్తే మొత్తం విడిపోవాలి.

అన్నపూర్ణ గారు అక్కడ ఆగారు. "ఇదెందుకయ్యా?"

"దాని ఆయుష్షు తీరాక తేలిగ్గా విడగొట్టి, పనికొచ్చే భాగాలు తీసుకోవడానికి మేడమ్."

"ఇంకా కొననే లేదు కదా. పెళ్లిచూపులకు వెళ్లి పాడె కర్రల గురించి అడిగినట్టు లేదూ?"

"అదే మేడమ్ ఇప్పటి పద్ధతి," అన్నాను. ఆవిడ నిట్టూర్చి సంతకం పెట్టారు. నా ప్రొబేషన్ ఫైలు కూడా అదే బల్ల మీద, ఇంకో కట్టలో ఉంది. దానికేసి ఒకసారి ఆశగా చూసి బయటికొచ్చాను.

ఒక గురువారం సాయంత్రం కొత్తవి ఎనిమిదీ దిగాయి. చిన్న డబ్బాలు, చప్పుడు లేదు, వేడి లేదు, తుమ్ము లేదు. వాటిని బల్లల మీద అమర్చి, పాతవాటిని వరండాలో వరుసగా పెట్టించాను. మర్నాడు పొద్దున నల్లపాడు దగ్గరున్న రీసైక్లింగ్ షెడ్డు నుంచి వ్యాను వచ్చి పాతవి తీసుకెళ్తుంది. ఇక్కడొక చిక్కు. అదే శుక్రవారం గుంటూరులో జిల్లా సమావేశం. మా ఆఫీసు కొనుగోలు ఆదర్శంగా ఉందని, దాని గురించి నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. వ్యాను వచ్చే సమయానికి నేనుండను.

"వ్యానువాళ్లు ఏది తీసుకుపోవాలో తెలియడానికి పాతవాటికి చీటీలు అంటిద్దాం సార్," అన్నారు దేవదానం గారు.

ఆ మాట విని ఉంటే ఈ కథే లేదు. నేనేమన్నానో వినండి.

"చీటీ అంటే కాగితం. కాగితం అంటే చెట్టు. ఎనిమిది చీటీల కోసం చెట్టు కొట్టమంటారా?"

దేవదానం గారు నా మొహం చూసి, "వద్దులే సార్," అని వెళ్లిపోయారు.

చీటీ లేకుండా గుర్తుపట్టే మార్గం ఏమిటా అని వరండాలో నిలబడి ఆలోచించాను. అప్పుడు కనిపించాయి బొట్లు. ప్రతి దసరాకీ మా ఆఫీసులో ఆయుధపూజ చేస్తారు. పదేళ్లుగా ఆ పెట్టెల నుదుటిన పెట్టిన కుంకుమ, మిర్చి దుమ్ముతో కలిసి గట్టి మచ్చలా అతుక్కుపోయింది. ఎనిమిదింటికీ ఉంది. కొత్తవాటి ఒళ్లు తెల్లగా మెరుస్తోంది, చుక్క బొట్టు లేదు. కాగితం ఖర్చు లేదు, రంగు ఖర్చు లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. అంత మురిసిపోయినవాణ్ని ఆ సంగతి ఇంకొక మనిషికి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. గదికి వెళ్లి, వ్యానువాళ్లకు ఉత్తరం రాసి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కే ముందు కవరు అంటించి దేవదానం గారి చేతికిచ్చాను.

ఆ ఉత్తరంలో ఏముందో మీకు ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇకమీదట దాంతోనే పని. పాత కంప్యూటర్లను కొందరు షెడ్డు నుంచి దొడ్డిదారిన తెచ్చి బజార్లో అమ్ముతారని శిక్షణలో చెప్పారు. అలా జరగకుండా నేను అన్ని దారులూ మూసేశాను. బొట్టు ఉన్నవి పాతవి, లేనివి కొత్తవి. బొట్టు ఉన్నది చూడ్డానికి కొత్తగా కనిపించినా, బాగా పనిచేస్తున్నా సందేహించరాదు. మా ఆఫీసులో ఎవరు అడ్డు చెప్పినా వినరాదు. ఆ రోజే విడగొట్టాలి. ఎవరు వచ్చి ఎంత బతిమాలినా తిరిగి ఇవ్వరాదు. ఏదైనా మార్చాలంటే మా ఆఫీసు కంప్యూటర్‌లో టైపు చేసి, ఆఫీసరు సంతకం పెట్టిన లేఖ కావాలి. చేతిరాత చెల్లదు. కింద నా సంతకం, పక్కన అన్నపూర్ణ గారి సంతకం. ముందురోజు ఆవిడ హడావిడిగా ఇంటికి బయల్దేరుతుంటే తెల్ల కాగితం మీద పెట్టించుకున్నాను. నన్ను నమ్మి పెట్టారు.

ఇప్పుడు నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని ప్రసంగం మననం చేసుకుంటున్నాను. ఆ సమయంలో ఆఫీసులో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. మీరు మాత్రం వరసలో వినండి.

తొమ్మిది గంటలకు దేవదానం గారు వరండాలోకి వచ్చారు. వరుసగా కూర్చున్న పాత కంప్యూటర్లను చూసి ఆయన మనసు చివుక్కుమంది. పదేళ్లు పనిచేసినవాటిని అంత మురికిగా సాగనంపడం పద్ధతి కాదనిపించింది. బకెట్లో సబ్బు నీళ్లు తెచ్చి, గుడ్డ తడిపి పిండి, ఒక్కోదాన్నీ పైనుంచి కింది దాకా తుడిచారు. పదేళ్ల దుమ్ము పోయింది. పదేళ్ల కుంకుమ కూడా పోయింది.

పది గంటలకు అన్నపూర్ణ గారు వచ్చారు. శుక్రవారం. కొత్త వస్తువులు ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ఇంటి నుంచి పళ్లెంలో గంధం, కుంకుమ, బంతిపూలు, కొబ్బరికాయ తెచ్చుకున్నారు. ఏ పనైనా నిండుగా చేయడం ఆవిడ అలవాటు. డబ్బాకొక బొట్టు, తెరకొకటి, కీబోర్డుకొకటి, చివరికి మౌసుకు కూడా వేలి కొసతో చిన్నది. కొబ్బరికాయ కొట్టి, అందరికీ ముక్క పంచి, పత్తి చేలు చూడ్డానికి జీపులో ఏదో పల్లెకు వెళ్లిపోయారు. అక్కడ ఫోను పలకదు.

పదకొండు గంటలకు వ్యాను వచ్చింది. వాళ్లు కవరు చించి, ఉత్తరం చదివి, వరండాలో ఉన్నవాటిని ఒకసారి చూసి, నేరుగా లోపలికి వెళ్లారు.

అదే సమయానికి గుంటూరులో నేను వేదిక మీద నిలబడి ఉన్నాను. జేబులో ఫోను తేనెటీగలా కొట్టుకుంటోంది. అభినందించడానికి ఎవరో తొందరపడుతున్నారనుకున్నాను. "ఇదిగో, నేను మాట్లాడుతున్న ఈ క్షణంలోనే మా ఆఫీసు కంప్యూటర్లు రీసైక్లింగ్‌కు వెళ్తున్నాయి," అన్నాను చెయ్యి ఊపి. చప్పట్లు కొట్టారు. ఆ వాక్యంలో ఒక్క అబద్ధం కూడా లేదు. నా జీవితంలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

దిగి వచ్చి టీ కప్పు పట్టుకుని ఫోను చూస్తే, దేవదానం గారి పిలుపులు ఆరు. చేశాను.

"సార్, ఒక సంగతి అడగాలి. కొత్త కంప్యూటర్లు ఎందుకు పంపించేశాం?"

"పంపింది పాతవి దేవదానం గారూ."

"పాతవి నా ముందే ఉన్నాయి సార్. తళతళలాడుతున్నాయి. పొద్దున్నే తుడిచా."

టీ కప్పు పక్కన పెట్టాను. "తుడిచారా? మరి బొట్లు?"

"అయి కూడా పోయినాయి సార్. మేడమ్ గారు కొత్తవాటికి పెట్టారులెండి."

ఎవరో నా గుండెను చేత్తో పట్టుకుని మూడంతస్తుల మేడ మీదికి తీసుకెళ్తున్నట్టనిపించింది. ఏ మేడో మీకు తెలుసు.

"మరి మీరు ఆపలేదా?"

"ఆపకేం సార్. 'నాయనా, ఇయి నిన్ననే వచ్చినయ్యి' అని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డా. వాళ్లు ఉత్తరం చూపించారు. ఆఫీసులో ఎవరు చెప్పినా వినొద్దని ఉందంట. మీ సంతకం ఉంది. మేడమ్ గారి సంతకం ఉంది. ఇంక నేనెవర్ని సార్ అడ్డం నిలబడటానికి? పక్కకి జరిగా. మీకు ఫోన్ చేశా, మీరు ఎత్తలా."

నేను ఆటో పట్టుకుని నల్లపాడు వైపు పరిగెత్తించాను. దారంతా ఆటో అతను నన్ను అద్దంలో చూస్తూనే ఉన్నాడు. ఒకసారి, "ఆసుపత్రికా అండీ?" అని అడిగాడు. కాదన్నాను. అతను నమ్మినట్టు లేదు, ఇంకా వేగంగా నడిపాడు.

షెడ్డు పెద్దది, రేకుల కప్పు. సూపర్‌వైజరు మస్తాన్ గారు, యాభై ఏళ్లుంటాయి, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నేను గుమ్మంలోంచే మొదలుపెట్టాను.

"నా పేరు సాంబశివరావండీ. ఇందాక మా ఆఫీసు నుంచి కంప్యూటర్లు వచ్చాయి. పొరపాటున కొత్తవి వచ్చేశాయి."

ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టారు. "ఆ ఉత్తరం రాసింది మీరేనా సార్. రండి, కూర్చోండి. ఇరవై ఏళ్ల నుంచి ఈ పనిలో ఉన్నా, ఇంత గట్టి కాగితం ఏ ఆఫీసు నుంచీ రాలా. మా షెడ్డు పిల్లలందరికీ చదివి వినిపించా."

"అది సరేనండీ. అవి కొత్త కంప్యూటర్లు."

"చూశాం సార్. మాక్కూడా అట్లాగే అనిపించింది. కానీ మీరే రాశారుగా, కొత్తగా కనిపించినా సందేహించరాదని. మేం సందేహించలా."

"బంతిపూలు కూడా ఉన్నాయి కదండీ వాటి మీద."

"ఉన్నాయి సార్. ఆఖరి మర్యాద అనుకున్నాం. మంచి ఆఫీసు అనుకున్నాం."

"దయచేసి తిరిగి ఇచ్చేయండి."

మస్తాన్ గారు కళ్లజోడు పెట్టుకుని ఉత్తరం మడత విప్పారు. "ఇక్కడ చూడండి. 'ఎవరు వచ్చి ఎంత బతిమాలినా.' మీరొచ్చి బతిమాలతారని మీకు ముందే ఎట్లా తెలిసింది సార్?"

నేను ఆ ఉత్తరం అందుకోబోతే ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇంతలో లోపలి నుంచి కర్ మని ఒక చప్పుడు. నేను ఉలిక్కిపడ్డాను. "అదేంటండీ?"

"మొదటిది సార్. ఆ రోజే విడగొట్టాలన్నారుగా. భోజనాలకు లేవక ముందే మొదలుపెట్టించా." ఆయన మొహంలో నిజమైన ఆనందం కనిపించింది. "ఏం మెషిన్ సార్ అది. నాలుగంటే నాలుగు స్క్రూలు. తీయగానే చేతిలోకి వచ్చేసింది. ఇంత తేలిగ్గా విడిపోయింది నేను చూళ్లా. ఇట్లాంటివి కొనాలని ఎవరు చెప్పారో గానీ, ఆయనకో దండం."

ఆయన నాకే దండం పెట్టారు. నేను తిరిగి పెట్టాను. పక్క గదిలో నా నాలుగు స్క్రూల షరతు తన సత్తా చూపించుకుంటోంది. తొడుగు ముక్కలైంది, లోపలి భాగాలు వేర్వేరు డబ్బాల్లోకి వెళ్లిపోయాయి. ఇంకా ఏడు మిగిలాయి. రెండో దాన్ని బల్ల మీదికి ఎక్కిస్తున్నారు.

"మస్తాన్ గారూ, దాన్ని ఆపించండి. మా మేడమ్ చేత లేఖ తెప్పిస్తాను."

"టైపు చేసింది సార్. చేతిరాత చెల్లదు. ఫోటో పంపినా చాలు, అంతవరకు సర్దుకుంటా. భోజనాలయ్యేదాకా ఆపుతా. ఆ తర్వాత నాదేం లేదు. మీ కాగితం ప్రకారమే పోతా."

అన్నపూర్ణ గారికి ఫోను చేశాను. దేవుడి దయ, అప్పుడే ఆఫీసుకు తిరిగొచ్చారు.

"మేడమ్, చిన్న పొరపాటు జరిగింది."

"ఎంత చిన్నది?"

"ఎనిమిది కంప్యూటర్లంత మేడమ్."

అంతా చెప్పాను. చీటీల దగ్గర్నుంచి మొదలుపెట్టి, చెట్టు సంగతి కూడా దాచకుండా చెప్పాను. తిడతారేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు.

"లేఖ టైపు చేయాలంటున్నావు. కంప్యూటర్లు అక్కడున్నాయి. నేను దేనిమీద టైపు చేయను?" అన్నారు.

నేను ఆ మాట అనడానికి ఎంత సిగ్గుపడ్డానో మీరు ఊహించుకోండి. వాటిని 'కరెంటు తాగే భూతాలు' అని ఫైల్లో నేనే రాశాను. "పాతవాటిలో ఒకటి పెట్టించండి మేడమ్," అన్నాను గొంతు తగ్గించి.

ఫోను స్పీకరులో పెట్టారు. దేవదానం గారు ఒక పెట్టెను మోసుకొచ్చి బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. వైర్లు తగిలించారు. స్విచ్ వేశారు. ఆయన పైనంతా తుడిచారు గానీ లోపల తుడవలేదు. ముందు అన్నపూర్ణ గారు తుమ్మారు. తర్వాత దేవదానం గారు. తర్వాత ఇద్దరూ కలిసి.

"తెర వచ్చిందా మేడమ్?"

"ఇంకా నల్లగానే ఉంది. నీ ప్రొబేషన్ ఎప్పుడు పూర్తవుతుంది సాంబశివరావ్?"

"వచ్చే నెల మేడమ్."

"ఊఁ."

ఆ 'ఊఁ' విన్నాక అక్కడే ఒక పాత టీవీ డబ్బా మీద కూర్చుండిపోయాను. సమావేశంలో నేను చెప్పిన గొప్పలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నిజంగానే ఏడుపొచ్చింది, ఇందులో హాస్యమేమీ లేదు. ఎదురుగా ముగ్గురు పనివాళ్లు క్యారియర్లు విప్పి గోంగూర పచ్చడితో అన్నం తింటున్నారు. ప్రతి ముద్దా నాకు గడియారం ముల్లులా కనిపించింది. వాళ్లలో ఒకాయన నా వాలకం చూసి, "తింటారా సార్?" అని అడిగాడు. వద్దన్నాను. "నెమ్మదిగా తినండి. మజ్జిగ కూడా పోసుకోండి," అని మాత్రం బతిమాలాను.

మజ్జిగ దాకా వచ్చారు. చేతులు కడుక్కున్నారు. ఒకాయన స్క్రూడ్రైవరు అందుకున్నాడు. అప్పుడు మస్తాన్ గారి ఫోను మోగింది. ఫోటో. ఆయన దాన్ని పెద్దది చేసి, పైనుంచి కింది దాకా, ఆఫీసు ముద్ర దాకా, ఒక్క అక్షరం వదలకుండా చదివారు.

"చెల్లుతుంది," అన్నారు. "స్క్రూడ్రైవరు కింద పెట్టరా."

ఏడు కంప్యూటర్లను అదే వ్యానులో, బంతిపూలు కూడా రాలకుండా, నా ఒళ్లో ఒకటి పెట్టుకుని మరీ తీసుకొచ్చాను. ఎనిమిదోది మాత్రం మర్నాడు ఒక సర్టిఫికెట్ రూపంలో వచ్చింది. పర్యావరణానికి ఏ హానీ జరగకుండా, ఎంతో చక్కగా విడగొట్టామని రాసి ఉంది.

అది వచ్చిన రోజే అన్నపూర్ణ గారు నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద ఆ సర్టిఫికెట్ ఉంది. పక్కన నా ప్రొబేషన్ ఫైలు తెరిచి ఉంది. దేవదానం గారు గోడ వార నిలబడి ఉన్నారు. ఆయన్ని ఎవరూ పిలవలేదు.

"తుడిచింది నేనమ్మా," అన్నారు ఆయన, ఎవరూ అడక్కుండానే. "ఏదైనా రాస్తే నా పేరు కూడా రాయండి."

ఆ మాటకు నేను ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను. "లేదు మేడమ్, మీ ఇద్దరికీ ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. తప్పు నాదే," అన్నాను.

అన్నపూర్ణ గారు కాసేపు ఇద్దర్నీ చూశారు. "తుడిచింది ఆయన. బొట్టు పెట్టింది నేను. చదవకుండా సంతకం పెట్టింది కూడా నేనే. ఒక్కడు చేస్తే తప్పని రాయొచ్చు. ముగ్గురం కలిసి చేసినదాన్ని ఏమని రాయను?" అని పెన్ను తీసుకుని, 'ఇతను పనికొస్తాడు' అన్న చోట సంతకం పెట్టేశారు.

నేను దండం పెట్టి, మూడంతస్తుల మెట్లూ ఒక్కసారిగా దిగేసినంత తేలిగ్గా గుమ్మం దాకా వెళ్లాను.

"సాంబశివరావ్," అన్నారు వెనకనుంచి, అదే శాంతమైన గొంతుతో. "సీట్లు ఎనిమిది. కొత్త కంప్యూటర్లు ఏడు. నిన్న లేఖ టైపు చేసిన పాతది బాగానే ఉంది. నీ బల్ల మీద పెట్టించాను."

బదిలీ అయ్యేదాకా నాలుగేళ్లు, పర్యావరణానికి మేలు చేసే కొనుగోళ్ల మీద ఆ జిల్లాలో అందరికంటే ఎక్కువ తెలిసిన నేను, ఆ జిల్లాలోకెల్లా ఎక్కువ కరెంటు తాగే కంప్యూటర్ ముందు కూర్చుని తుమ్ముతూ పనిచేశాను. చుట్టూ ఏడు కొత్తవి చప్పుడు లేకుండా నిద్రపోతూ లేస్తూ ఉండేవి. కొత్తగా చేరినవాళ్లు, "పొద్దున్నే ఆ తుమ్ము ఎవరిదండీ?" అని అడిగితే, పాతవాళ్లు, "ఆయనా, మా ఆఫీసుకు పచ్చదనం తెచ్చినాయన," అని చెప్పేవాళ్లు.

కనుక సమస్త పాఠక మహాశయులకు తెలియజేయునది ఏమనగా: ఇంతటితో బుద్ధి వచ్చిన సాంబశివరావు అను నేను, ఇకమీదట ఏ వస్తువునూ బొట్టును బట్టి గుర్తించననీ, నన్ను నేనే బతిమాలుకోవడానికి వీల్లేని ఉత్తరాలు రాయననీ, పక్కనున్న మనిషికి చెప్పాల్సిన ఒక్క ముక్కను కవరులో పెట్టి అంటించననీ, చీటీ అంటించమని దేవదానం గారు ఎప్పుడు చెప్పినా, ఆ చీటీకి ఒక అడవి ఖర్చయినా సరే, మారు మాట్లాడకుండా అంటిస్తాననీ ఇందుమూలముగా ప్రమాణం చేయుచున్నాను. ఈ ప్రమాణం టైపు చేసినది. చేతిరాత చెల్లదు.